చెప్పులు విడిచే ముందు ఒకసారి చదువుకో

పర్లాకిమిడి,
జ్యేష్ఠ బహుళ పంచమి

చిన్నా,

నిన్న రాత్రి నీతో ఫోన్లో మాట్లాడాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం నీ కొడుకు అల్లరిలో పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

అయ్యప్ప దీక్ష 41 రోజులూ చెప్పుల్లేకుండా తిరిగావు, అలవాటైపోయి మాల తీశాక కూడా వేసుకోలేదు, మోకాళ్ళు తేలికపడ్డాయి అన్నావు. సంతోషమే. పిల్లాడి బూట్లు కూడా మూలపడేశావన్నావు. అదీ సగం మంచిదే. కానీ ఆషాఢ పౌర్ణమికి మీ అమ్మను, అదే మా వదినను, సింహాచలం గిరి ప్రదక్షిణకు తీసుకెళ్తాననీ, 32 కిలోమీటర్లూ ఉత్తకాళ్ళతో నడిపిస్తాననీ అన్నావు చూడు, అక్కడ నా గుండె ఆగింది. ఇంకా పాతిక రోజులు కూడా లేవు. నీకు ఏం తోచినా సరే, ఈ ఒక్క మాట విను. వదిన చేత చెప్పులు విప్పించకు. ఎందుకో చెప్తాను.

నేను చెప్పుల పక్షం మనిషిని కాను. నర్సు ట్రైనింగ్‌లో చేరేదాకా నా కాలికి చెప్పు తెలియదు. మహేంద్రతనయ ఏటి ఇసకలో, బడి దారిలో, పొలంగట్ల మీద ఉత్తకాళ్ళతోనే పెరిగాను. ట్రైనింగ్‌లో మొదటిరోజు తెల్ల బూట్లు ఇచ్చారు. సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలెక్కి, మేజోళ్ళు రక్తంతో అతుక్కుపోయాయి. నీళ్ళలో నానబెట్టి ఊడదీసుకున్నాను. వారం రోజులు కుంటుతూ నడిచాను. ఆ బూట్ల ముందు భాగం సన్నం, నా కాలు వెడల్పు. నాలుగేళ్ళు తొడిగేసరికి చిటికెన వేలు పక్క వేలి కిందికి వంగింది, దాని మీద ఆనెకాయ లేచింది. ఇప్పటికీ ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

సంత రోజున కొండ మీంచి కట్టెల మోపులతో దిగే సవర ఆడవాళ్ళ కాళ్ళు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? వేళ్ళన్నీ విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బొటనవేలు నేలను పట్టుకుంటుంది. అంత బరువు తల మీద పెట్టుకుని రాళ్ళ దారిలో దిగుతున్నా మడమ ఊగదు. వాళ్ళలో వంకర వేళ్ళు, ఆనెకాయలు నేను చూసింది బహు తక్కువ. అయితే అదే కాళ్ళకి రూపాయి బిళ్ళ నిలబడేంత లోతు పగుళ్ళుంటాయి. వాటిలో మైనం కరిగించి పోసుకుని మళ్ళీ మోపు ఎత్తుకుంటారు. నువ్వు ఇష్టమై చెప్పులు విడిచావు బాబూ. వాళ్ళకు ఆ ఇష్టాయిష్టాలు లేవు. మా చిన్నప్పుడైతే చెప్పులు కొనుక్కోగలిగినా కొన్ని వీధుల్లో వాటిని చేత్తో పట్టుకుని నడవాల్సిన మనుషులుండేవారు. ఉత్తకాళ్ళు గొప్ప అని ఎవరైనా అంటే నాకు వాళ్ళు గుర్తొస్తారు.

పిల్లాడి సంగతి. 1992లో మన దేశపు ఎముకల డాక్టర్లు ఇద్దరు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలు తీసి చూశారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి పాదం చదునుగా ఉంది. ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 మందికే. అందులోనూ ముందు భాగం మూసుకుపోయిన బూట్లు వేసుకునే పిల్లలకే ఎక్కువ. కాబట్టి నీ నాలుగేళ్ళ వాడు ఇంట్లో, మన పెరట్లో, బడి వసారాలో ఉత్తకాళ్ళతో పరిగెత్తనీ. పాదం గుంట తేలలేదని కోడలు బెంగపడుతోందట. ఆరేళ్ళ దాకా చాలామంది పిల్లలకు చదునుగానే ఉంటుంది, నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదని చెప్పు. బడికి మాత్రం వేళ్ళు కదిలేంత వెడల్పున్న సాండిల్స్ కొను, బూట్లు వద్దు.

నువ్వు చెప్పిన ఇథియోపియా అబెబె బికిలా కథ నాకూ తెలుసు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్ మొత్తం ఉత్తకాళ్ళతో పరిగెత్తి బంగారు పతకం కొట్టాడు, నిజమే. కానీ నువ్వు సగమే చెప్పావు. 1964లో టోక్యోలో అదే మనిషి బూట్లు తొడుక్కుని మళ్ళీ బంగారు పతకం తెచ్చాడు, ఈసారి రోమ్ కంటే 3 నిమిషాలు ముందే. ఆయన గెలుపు చెప్పుల్లో లేదు, చెప్పులు లేకపోవడంలోనూ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉద్యోగంలో సగం కాలం నేను కుష్ఠు రోగుల కాళ్ళకు కట్లు కట్టాను. ఒక రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. కొండ దారిలో ఆరు మైళ్ళు నడిచొచ్చాడు. నవ్వుతూ బల్ల మీద కూర్చున్నాడు. చెప్పు విప్పుదామని లాగితే రాలేదు. అడుగు తిప్పి చూస్తే ఒక మేకు, చెప్పులోంచి దూసుకుని మడమలోకి దిగి ఉంది. చెప్పుతో పాటు కాలికి బిగిసిపోయింది. పట్టకారుతో పీకుతుంటే నా చెయ్యి వణికింది, ఆయన మాత్రం పక్కవాళ్ళతో వానల గురించి మాట్లాడుతున్నాడు. ఆయనకు తెలియదు. ఎప్పుడు గుచ్చుకుందో కూడా తెలియదు.

1983 నుంచి కుష్ఠుకు కొత్త మందులు మెల్లమెల్లగా మా ఊళ్ళకూ వచ్చాయి. క్రిమి చచ్చేది, మచ్చలు మానేవి. చచ్చిపోయిన నరం మాత్రం తిరిగి రాలేదు. అందుకే జబ్బు తగ్గిన వాళ్ళకు కూడా ఎమ్‌సీఆర్ చెప్పులిచ్చేవాళ్ళం, మెత్తటి రబ్బరు అట్ట, వెనక పట్టీ ఉండేవి. వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళలో ఎక్కువమంది జబ్బు వల్ల పోగొట్టుకోలేదు. నొప్పి తెలియక, పుండు మీదే నడిచి నడిచి పోగొట్టుకున్నారు. నా ఉద్యోగమంతా నేను నేర్చుకున్నది ఇదే చిన్నా: నేల తెలిసే కాలు ఉత్తగా నడవొచ్చు. నేల తెలియని కాలు ఇంట్లో కూడా ఉత్తగా నడవకూడదు. చర్మం మందమైతే స్పర్శ పోతుందనుకుంటారు, అదీ నిజం కాదు. 2019లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మన్, ఆయన తోటివాళ్ళు కెన్యాలో ఉత్తకాళ్ళతో తిరిగే వాళ్ళను పరీక్షించి, అరికాలు ఎంత మందమైనా స్పర్శ తగ్గదని తేల్చారు. స్పర్శ పోయేది లోపలి నరం దెబ్బతింటేనే.

ఆ నరాన్ని కుష్ఠు ఒక్కటే కాదు, షుగరు కూడా తింటుంది.

మీ మావయ్య సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. నువ్వు చిన్నవాడివి. అప్పటికి ఆయనకు షుగరు వచ్చి పన్నెండేళ్ళు. వైశాఖంలో గుడికి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం నల్లరాతి బండల మీద పదకొండు ప్రదక్షిణలు చేశారు. మిగతా వాళ్ళంతా నీడ పట్టున గెంతుతున్నారు, ఈయన నెమ్మదిగా, ఎండలోనే. చూడండి ఎంత భక్తో అన్నారు ఎవరో. నేనూ మురిసిపోయాను. పొద్దస్తమానం కాళ్ళు చూసే నర్సుని, నా ఇంటి కాళ్ళు చూసుకోలేదు. రాత్రి దుప్పటి మీద తడి చూసి దీపం పెట్టాను. రెండు అరికాళ్ళూ నీటి బొబ్బలు, కొన్ని చితికిపోయి ఉన్నాయి. మూడు నెలలు కట్లు కట్టాను, కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. ఇది తలుచుకోని రోజు లేదు నాకు.

వదినకూ షుగరే కదా. రెండేళ్ళ కిందట రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలని తడిగుడ్డ చుట్టుకునేది, గుర్తుందా? ఇప్పుడు మంటలు తగ్గిపోయాయని సంతోషపడుతోంది. ఆ తగ్గడమే నాకు భయం. మొన్న మాఘమాసం పెళ్ళిలో ఒక కాలికే చెప్పుతో పందిట్లోకి వచ్చింది, రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కాలినుంచి చెప్పు జారినా తెలియలేదంటే అర్థం చేసుకో.

ఈ రాత్రికే ఒక పని చెయ్యి. వదినను పడుకోబెట్టి కళ్ళు మూసుకోమను. నీ చూపుడు వేలి కొసతో ఆవిడ కాలి బొటనవేలి కొన, మధ్య వేలి కొన, చిటికెన వేలి కొన ఒక్కొక్కటే తాకు. నొక్కకు, ఈగ వాలినట్టు ఒకటి రెండు సెకన్లు చాలు. రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్లు. తెలిసినప్పుడల్లా చెప్పమను. వాటిలో రెండు చోట్ల తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే లెక్క, డాక్టరుకు చూపించాలి. తర్వాత అరికాళ్ళు, వేళ్ళ సందులు టార్చి వేసి చూడు. ఇకమీదట రోజూ రాత్రి ఎవరో ఒకరు చూడాలి. ఆవిడకు వంగడం కష్టమైతే కింద అద్దం పెట్టండి. స్నానం నీళ్ళు కాలితో కాదు, మోచేత్తో చూసుకోమను. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దను. ఇంట్లో కూడా చెప్పులుండాలి. పూజగదిలో మేజోళ్ళు వేసుకుంటే దేవుడేమీ అనుకోడు.

సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ నడవాలని ఆవిడకు ఎన్నాళ్ళనుంచో కోరిక, నాకు తెలుసు. నువ్వు నడువు, ఆవిడ పేరు చెప్పుకుని నడువు. ఆవిడను బస్సులో కొండమీదికి పంపి దర్శనం చేయించు, పొద్దున్నే, రాయి వేడెక్కకముందు, కాళ్ళకు దళసరి మేజోళ్ళు తొడిగి. నువ్వు కూడా తారురోడ్డు మీద ఎండవేళ వద్దు. తారు ఎండకు 50 డిగ్రీలు దాటుతుంది. చాలామంది సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడుస్తారు, నువ్వూ అలాగే చెయ్యి.

నీకు నాలుగు మాటలు. మోకాళ్ళు తేలికపడటం నిజమే అయుండొచ్చు. ఉత్తకాళ్ళతో నడిస్తే అడుగు చిన్నదవుతుంది, మడమ గట్టిగా కొట్టుకోదు. ఆ బరువంతా పిక్కలు మోస్తాయి. నువ్వు పొద్దంతా కుర్చీలో కూర్చునేవాడివి, పిక్కలు పట్టేస్తున్నాయంటే రెండు రోజులు ఆగు. ఇంకో సంగతి, మట్టి వేరు, ఇంట్లో బండలు వేరు. మట్టి కాలి కింద ఒదుగుతుంది, బండ ఒదగదు. పొద్దున లేవగానే మొదటి అడుగు వేస్తే మడమలో సూది గుచ్చినట్టుంటే అది బండల పుణ్యమే అయుండొచ్చు. అప్పుడు ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకుని, పొలంలో ఉత్తకాళ్ళతో తిరుగు. జనం దీన్ని తిరగేసి చేస్తారు.

పొలమంటే గుర్తొచ్చింది. వానలు పడ్డాయి, ఉభాలు, అదే వరినాట్లు, మొదలవుతాయి. దమ్ములోకి ఉత్తకాళ్ళతో దిగు, బురదలో ఏ చెప్పూ నిలవదు. బయటికి వచ్చాక కడుక్కుని వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడుచుకో, మడమలకు కొబ్బరినూనె రాయి. గట్ల మీద, ముఖ్యంగా చీకటి పడ్డాక, గమ్ బూట్లు, టార్చి లేకుండా అడుగు పెట్టకు. రక్తపింజరి, మీ ఒడియా పాలేర్లు చందన బొడా అంటారే అది, ఎండుగడ్డిలో కలిసిపోయి కదలకుండా పడుకుంటుంది, తొక్కితేనే తెలుస్తుంది. కాటు పడేది ఎక్కువగా పాదం మీదో చీలమండ దగ్గరో. కరిస్తే కట్టు కట్టకండి, కొయ్యకండి, కాలు కదపకుండా సరాసరి ఆస్పత్రికి. ముల్లయినా మేకైనా దిగితే సబ్బు నీళ్ళతో కడుక్కుని, చివరి ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించావో చూసుకో. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉన్న క్రిమి వల్ల వస్తుంది. తుప్పులేని తుమ్మ ముల్లు కూడా చాలు.

పిల్లాడిని మాత్రం ఏటిఒడ్డున, చెట్ల నీడన తడి మట్టిలో, కుక్కలూ మనుషులూ బహిర్భూమికి వెళ్ళేచోట ఉత్తకాళ్ళతో వదలకు. కొంకిపురుగు పిల్ల కంటికి కనపడదు, అలాంటి మట్టిలో కాచుకుని ఉంటుంది. వేళ్ళ సందుల్లోంచి చర్మంలోకి దూరుతుంది, అక్కడ రెండు రోజులు దురద, అంతే, ఎవరూ పట్టించుకోరు. రక్తంలో ఊపిరితిత్తులకు వెళ్ళి, గొంతులోకి ఎక్కి, మింగితే కడుపులోకి చేరి పేగును పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఆ రోజుల్లో కనురెప్ప కిందికి లాగి చూస్తే సున్నంలా తెల్లగా ఉండే ఆడవాళ్ళను ఎంతమందిని చూశానో. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలో, బళ్ళలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. వాడికి 400 మిల్లీగ్రాముల మాత్ర మొత్తం, నమిలించి మింగించాలి. పోయినసారి జ్వరమని మానేశారట, ఆగస్టులో తప్పొద్దు.

వదినకు చెప్పులు నేనే కుట్టిస్తాను. ఇక్కడ మెత్తటి అట్ట పెట్టి కుట్టే ఆయన నాకు బాగా తెలుసు. ఉంగటం ఉన్నవి వద్దు, వేలికి ఒరుసుకుంటుంది, పైగా జారిపోతాయి. వెనక పట్టీ, ముందు వెడల్పు, పొడుగు వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. కాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది కాబట్టి దీపాలు పెట్టే వేళ వదినను నిలబెట్టి, అట్ట కాగితం మీద రెండు పాదాలూ పెన్సిలు నిలువుగా పట్టుకుని గీసి ఉంచు. కూర్చోబెట్టి గీయకు, నిలబడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. సోమవారం గుణుపురం పాసింజరుకు వస్తున్నాను. ఆ కాగితం తీసుకోవాలి, వదిన కాళ్ళు నా కళ్ళతో చూడాలి. ఆవిడకు ముందే ఏమీ చెప్పకు, నేను మాట్లాడతాను.

మీ అత్త