జిమ్ గది కోసం అత్యవసర నిధి తీయొద్దు

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, అమ్మ నాతో ఉంటారు. పాత ఇంటిని బాగుచేయించి, పై అంతస్తులో ఖాళీగా ఉన్న గదిని జిమ్‌గా మార్చాలనుకుంటున్నాం. ఇంటి పనులకు మా నెల ఖర్చుకు 20 రెట్లు అవుతుందని కాంట్రాక్టర్ ఎస్టిమేట్ ఇచ్చారు. అంత మొత్తాన్నీ బ్యాంకు 9 శాతం వడ్డీకి, 15 ఏళ్ల టాపప్ లోన్‌గా (ఉన్న ఇంటి లోన్ మీద అదనంగా ఇచ్చే అప్పు) ఇస్తానంది. జిమ్‌కి విడిగా ఇంకో ఆరు నెలల ఖర్చంత అవుతుంది. మా దగ్గర ఐదు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. అందులోంచి మూడు నెలలది తీసి, మిగతా సగం క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాల్లో కడదామని ఆలోచన. లేక పర్సనల్ లోన్ తీసుకోవడం మంచిదా? ఇప్పుడు ఖర్చులన్నీ పోగా, నెల ఖర్చులో 35 శాతమంత మిగులుతోంది. నేనూ నా భార్యా జిమ్‌కి కట్టే ఫీజు (నెల ఖర్చులో 5 శాతం) ఆగిపోతుంది కాబట్టి కొన్నాళ్లకు పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది. మధ్యలో ఏదైనా అవసరం పడినా కార్డు లిమిట్ ఉంది. మీ సలహా చెప్పండి.

జవాబు: రెండూ వద్దు. పొదుపులోంచి మూడు నెలల డబ్బు తీయడం అసలే వద్దు. ఇల్లు బాగుచేయించుకునే చాలామంది సరిగ్గా మీలాగే ఆలోచిస్తున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పనులు మొదలవబోతున్నాయంటే ఖాతాలో కనిపించే డబ్బంతా పనుల డబ్బే అనిపిస్తుంది. ‘ఎలాగూ ఊరికే పడి ఉంది కదా’ అనుకుంటారు. అది ఊరికే పడి లేదు. మీ ఒక్కరి జీతం మీద ఆధారపడిన నలుగురికి అదొక్కటే అండ.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. నెల ఖర్చు 100 అనుకుంటే మీ ఆదాయం 135. టాపప్ లోన్ 2,000. 9 శాతం వడ్డీకి 15 ఏళ్లంటే నెల వాయిదా సుమారు 20. అంటే లోన్ మొదలైన నెల నుంచే మీ ఖర్చు 120 అవుతుంది. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మీ దగ్గరున్న 500, నిన్నటి దాకా ఐదు నెలలకు సరిపోయేది. లోన్ తీసుకున్నాక అందులోంచి పైసా తీయకపోయినా అది నాలుగు నెలల చిల్లరకే వస్తుంది. అప్పు పెరిగినప్పుడు అత్యవసర నిధి కూడా పెరగాలి. మీరు దాన్ని తగ్గిద్దామంటున్నారు.

ఇప్పుడు కార్డు సంగతి. 300ని 12 వాయిదాలు చేస్తే నెలకు 25. మొత్తం ఖర్చు 145. ఆదాయం 135. జిమ్ ఫీజు 5 ఆగిపోయినా ఇంకా నెలనెలా 5 లోటే. మీ ప్రణాళికలో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోవడం లేదు, ఉద్యోగానికి ఇబ్బంది లేదు, కాంట్రాక్టర్ అదనంగా ఒక్క పైసా అడగలేదు. అన్నీ సవ్యంగా జరిగినా మొదటి ఏడాదంతా నెల గడవదు. ఆ లోటును పూడ్చడానికి మిగిలేది పొదుపులోని 200. ఉద్యోగానికి ఏదైనా అయితే ఆ 200తో ఇల్లు నెలన్నర కూడా నడవదు. ఈ లెక్క ఒకసారి మీ భార్యతో కలిసి కూర్చుని కాగితం మీద వేయండి. ఇది ఆమెకు కూడా తెలియాలి.

‘అవసరం పడితే కార్డు లిమిట్ ఉంది’ అన్న మాట చదివినప్పుడు నాకు నిజంగా భయమేసింది. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. వాయిదాల మీద మెషీన్లు కొన్న రోజే ఆ మేరకు లిమిట్ తగ్గుతుంది. ఇచ్చిన సంస్థ దాన్ని ఎప్పుడైనా కుదించవచ్చు. చెల్లింపులు ఆలస్యమైతే, అంటే మీకు అది నిజంగా అవసరమైన సమయంలోనే, కుదించే అవకాశం ఎక్కువ. పైగా బిల్లు పూర్తిగా కట్టలేక నెలకు 3 శాతం వడ్డీ పడిందనుకోండి, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆసుపత్రి బిల్లు అలాంటి అప్పుతో కడితే, జబ్బు తగ్గాక కూడా చాలాకాలం ఆ బిల్లే కడుతూ ఉంటారు. దయచేసి కార్డును అత్యవసర నిధి లెక్కలోంచి తీసేయండి.

‘వడ్డీ లేని వాయిదాలు’ అని షాపు వాళ్లు చెబుతారు. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. ఆ రెండూ కలిపితే వడ్డీ ఎక్కడుందో తెలుస్తుంది. పర్సనల్ లోన్‌లో అయితే ‘ఫ్లాట్’ అన్న మాట వినగానే ఆగండి. అంటే మీరు ఎంత తీర్చినా, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 12 శాతం ఫ్లాట్ అని మూడేళ్లకు ఇచ్చే అప్పుకు నిజంగా పడే వడ్డీ, నెలనెలా తగ్గే అసలు మీద లెక్కిస్తే, సుమారు 21 శాతం. ఇక టాపప్ లోనే పెంచి అందులోనే మెషీన్లు కూడా కొనేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అదీ వినొద్దు. 9 శాతానికి 15 ఏళ్లు కడితే 100కి 183 కట్టినట్లు. ట్రెడ్‌మిల్ బెల్టు, మోటారు అన్నేళ్లు వస్తాయా?

ఫీజు మిగులుతుంది కాబట్టి డబ్బు తిరిగొస్తుందన్న వాదన కూడా నిలబడదు. ఇద్దరి ఫీజు నెలకు 5. జిమ్‌కి పెట్టేది 600. వడ్డీ, కరెంటు, రిపేర్లు ఏవీ కలపకుండానే 120 నెలలు, అంటే పదేళ్లు పడుతుంది. అంతకన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. చేతిలో డబ్బు ఆడనప్పుడు జిమ్ ఫీజును వచ్చే నెల నుంచి మానేయొచ్చు. వాయిదాను మానేయలేరు. ఆపగలిగే ఖర్చును ఆపలేని ఖర్చుగా మార్చుకుని దాన్ని పొదుపు అనుకుంటున్నారు. అవసరానికి మెషీన్లు అమ్ముకుందామన్నా, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ధర దరిదాపుల్లోకి కూడా రాదు.

వ్యాయామం మానమని నేను అనడం లేదు. 38 ఏళ్ల వయసులో, ఇంతమంది బాధ్యత ఉన్న మనిషి ఆరోగ్యం కోసం ఆలోచించడం చాలా మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే కసరత్తు కావాలి. వేగంగా నడవడం కూడా ఆ నిమిషాల్లోకి వస్తుంది. ఇందులో దేనికీ అప్పు అక్కర్లేదు.

కాబట్టి జిమ్ ఆలోచనను రెండు ముక్కలు చేయండి. గోడలోకి, నేలలోకి, పైకప్పులోకి పోయే పనులు ఒకటి. గదిలో తెచ్చి పెట్టే వస్తువులు రెండోది. మొదటివి ఇప్పుడే చేయించాలి, ఎందుకంటే ప్లాస్టరింగ్, పెయింటింగ్ అయ్యాక మళ్లీ పగలగొడితే ఖర్చు రెట్టింపు. ట్రెడ్‌మిల్ పెట్టే చోటుకు విడిగా ఒక సర్క్యూట్, సరైన ఎర్తింగ్. గాలి ఆడేందుకు కిటికీ లేదా ఎగ్జాస్ట్. అద్దం, గోడకు బిగించే పరికరాలు ఎక్కడ వస్తాయో అక్కడ గోడ బలం. ఇవన్నీ కలిపినా మెషీన్ల ఖర్చులో చిన్న భాగమే, ఇంటి ఎస్టిమేట్‌లోనే సర్దొచ్చు. రెండోవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. గది ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే ముందు, లోన్ కాగితాల మీద సంతకం పెట్టకముందే, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి పై అంతస్తు స్లాబ్ చూపించండి. నివాస గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కగట్టి కడతారు. వ్యాయామశాలలకైతే సుమారు 500 కిలోలు తీసుకుంటారు. ఒక సైకిల్, కొన్ని డంబెల్స్‌కి మామూలు గది సాధారణంగా సరిపోవచ్చు. కానీ ర్యాక్ పెట్టి, 20 కిలోల బార్‌కి ప్లేట్లు ఎక్కించి, వాటిని కింద పడేస్తుంటే సంగతి వేరు. బరువంతా ఒకేచోట, దెబ్బతో సహా పడుతుంది. స్లాబ్ బలపరచాలని ఇంజినీర్ అంటే ఆ ఖర్చు మీ ఎస్టిమేట్‌లో ఎక్కడా లేదు, మొత్తం లెక్కే మారిపోతుంది. కింది అంతస్తులో నేల మీద ఏ గదైనా దొరుకుతుందేమో ముందు అది చూడండి.

కొలతలు కూడా ఇప్పుడే తీయండి. పెద్ద బార్‌బెల్ పొడవు 2.2 మీటర్లు, పక్కల నిలబడి ప్లేట్లు ఎక్కించడానికి చోటు కావాలి, కాబట్టి గది వెడల్పు మూడు మీటర్లకు తగ్గితే ఇబ్బందే. ట్రెడ్‌మిల్ వెనక రెండు మీటర్ల ఖాళీ వదలాలి. దాని మీద పరుగెత్తేటప్పుడు తల పైకప్పుకు ఎంత దూరంలో ఉంటుందో చూసుకోవాలి. మెషీన్ మెట్ల మలుపులో తిరుగుతుందా, తలుపులోంచి పోతుందా? ఇవి చూడకుండా కొని, పట్టని మెషీన్‌కి కూడా వాయిదాలు కట్టేవాళ్లుంటారు. మీ ఇంట్లో చిన్న పిల్లలున్నారు కాబట్టి ఆ గదికి తాళం ఉండాలి, ట్రెడ్‌మిల్ సేఫ్టీ కీ వాళ్లకు అందకూడదు. తిరిగే బెల్టులో చేతులు పడితే గాయాలు చాలా తీవ్రంగా ఉంటాయి.

ఎస్టిమేట్‌లో ఇంకో పెద్ద లోపం ఉంది. కాంట్రాక్టర్ 2,000 అన్నారు, బ్యాంకు 2,000 ఇస్తానంది. పాత ఇంటి గోడ తెరిచాక లోపల పైపులు, వైర్లు, చెమ్మ ఎలా ఉన్నాయో తెలిసేది అప్పుడే. అదనపు ఖర్చుకు కనీసం 15 శాతం, అంటే 300 పక్కన ఉండాలి. మీ ప్రణాళికలో అది సున్నా. ఆ 300 మళ్లీ మీ పొదుపులోంచే పోతుంది, అప్పటికి అందులో మిగిలేది 200. పనులు సగంలో ఉండగా చేతిలో డబ్బు అయిపోతే ఆ టెన్షన్‌లో ఎవరైనా ఎంత వడ్డీకైనా అప్పు చేస్తారు.

అందుకే ఎస్టిమేట్‌ను ఇప్పుడే 1,700కి కుదించండి. అలంకారం కోసం చేసేవేవో, కురవకుండా, కూలకుండా చేసేవేవో కాంట్రాక్టర్‌ని విడగొట్టి ఇవ్వమనండి. బ్యాంకు విడతలుగా ఇచ్చేటట్లయితే మిగతా 300ని తీసుకోకుండా ఉంచండి, అవసరమైతేనే వాడండి. అప్పుడు వాయిదా 17 చిల్లర, నెలకు మిగిలేది దాదాపు 18. మీ అత్యవసర నిధి ఆరు నెలల కొత్త ఖర్చుకు, అంటే సుమారు 700కి చేరాలి. సంపాదించేది ఒక్కరే అయినప్పుడు అంతకన్నా తక్కువకు నేను ఒప్పుకోను. ఉన్న 500కి నెలకు 18 కలుపుతూ పోతే ఏడాదిలో చేరతారు. అదనపు 300 కూడా వాడాల్సివస్తే 15 నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇప్పుడు వెళ్తున్న జిమ్‌కే వెళ్లండి, లేదా ఫీజు మానేసి ఆ డబ్బుతో నేల మీద రబ్బరు మ్యాట్, బరువు మార్చుకునే డంబెల్స్, ఒక బెంచీ నెలకొకటిగా కొనుక్కోండి. నిధి నిండిన తర్వాత అదే 18ని పక్కన పెట్టి పెద్ద మెషీన్ నగదుతో తీసుకోండి. ఒక్కో మెషీన్‌కి కొన్ని నెలలు ఆగాలి, ఆగండి.

ఉన్న మ్యూచువల్ ఫండ్లు ఏవైనా అమ్మి మెషీన్లు కొనడం అప్పుకన్నా నయమే, కానీ పిల్లల చదువుకు పెట్టినవైతే ముట్టుకోవద్దు. బంధువుల దగ్గర తీసుకున్నా అది అప్పే.

బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. టర్మ్ పాలసీ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) మొత్తం కొత్త టాపప్ లోన్‌ని కూడా తీర్చి, ఆ పైన ఇల్లు గడిచేంత ఉండాలి. లేకపోతే పెంచుకున్నాకే లోన్ తీసుకోండి. అమ్మకు ఆరోగ్య బీమా ఉందో లేదో చూడండి, లేకపోతే ఆరు నెలల నిధి కూడా చాలదు. ఇంటి బీమా ఉంటే పనులు మొదలయ్యే ముందు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

ఇంకొకటి, ఇది ఈ వారమే చేయండి. ఆ 500ని జీతం పడే ఖాతాలోంచి, కాంట్రాక్టర్‌కి చెల్లింపులు జరిగే ఖాతాలోంచి తీసి, విడిగా జాయింట్ ఖాతాలోకి మార్చండి. దానికి కార్డు బిల్లు గానీ, వాయిదా గానీ జోడించొద్దు. ఒక నెల ఖర్చు వెంటనే తీసుకునేలా, మిగతాది ఒకటి రెండు రోజుల్లో చేతికి వచ్చే డిపాజిట్‌లో ఉంచండి. మీరే ఆసుపత్రిలో ఉంటే ఆ డబ్బు తీయాల్సింది మీ భార్య. ఒకసారి ఆమె చేతే కొంత తీయించి చూడండి, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో అప్పుడే తెలుస్తుంది.