యూనియన్ పెట్టుకోబోతే బద్దికి ట్రాన్స్‌ఫర్ చేశారు, మాకు మెమోలు ఇస్తున్నారు

ప్రశ్న: లాయర్ గారూ, మాది సంగారెడ్డి జిల్లాలో ఒక మందుల కంపెనీ. పర్మినెంట్ వర్కర్లం 420 మందిమి. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు సరిగ్గా ఇవ్వడం లేదని యూనియన్ పెట్టుకుందామనుకున్నాం. రెండు నెలల్లో 38 మంది సంతకాలు చేశారు. అప్పటి నుంచి హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఫోన్ బయట పెట్టించి, యూనియన్ వస్తే ప్లాంట్ మూసేస్తామంటున్నారు. కొందరి చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మా అందరికీ ముందుండి నడిపిస్తున్న సీనియర్ ఆపరేటర్‌ను హిమాచల్‌లోని బద్ది యూనిట్‌కు ట్రాన్స్‌ఫర్ చేశారు. పది నిమిషాలు లేటయ్యానని పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి నాకు మెమో ఇచ్చారు. సంతకం చేయనివాళ్లకు మాత్రం ఇంక్రిమెంట్ ప్రకటించారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మేం చేసింది తప్పా?

జవాబు: ముమ్మాటికీ తప్పు కాదు. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) కింద మీకున్న హక్కు. మీరు రాసినవాటిలో దాదాపు ప్రతిదీ చట్టం పేరు పెట్టి మరీ నిషేధించిన పనే. యూనియన్‌లో చేరితే ఉద్యోగం తీసేస్తామనడం, ప్లాంట్ మూసేస్తామనడం, సరిగ్గా యూనియన్ కూడగట్టుకునే సమయంలో దాన్ని దెబ్బతీయడానికి జీతాలు పెంచడం, కంపెనీ పాలసీ అనే ముసుగులో దురుద్దేశంతో ట్రాన్స్‌ఫర్ చేయడం, ఇవన్నీ అనుచిత కార్మిక విధానాలు. ఇంతకుముందు 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూల్లో ఉండేవి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు దాని రెండో షెడ్యూల్ చూడాలి. జీతం పెంచడం కూడా నేరమా అని చాలామంది ఆశ్చర్యపోతారు. పెంచడం నేరం కాదు, ఎప్పుడు, ఎందుకు పెంచారన్నదే చూస్తారు.

ముందు మీ సంఖ్య సంగతి. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి, దరఖాస్తు రోజుకు మొత్తం వర్కర్లలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంత మంది సభ్యులై ఉండాలి. మీకు 42 మంది కావాలి, నలుగురు తక్కువున్నారు. 42తో ఆగకండి. కాంట్రాక్టు వాళ్లనూ లెక్కలో కలపాలని మేనేజ్‌మెంట్ పేచీ పెట్టే అవకాశం ఉంది, కనీసం అరవై డెబ్బై దాకా వెళ్లండి. ఇంకో మాట, దరఖాస్తు పెట్టాక భయపెట్టి ఒకరిద్దరి చేత "మాకు సంబంధం లేదు" అని రాయించినా, దరఖాస్తుదారుల్లో సగానికి మించి తప్పుకుంటే తప్ప దరఖాస్తు చెల్లకుండా పోదు. అందుకే ఏడుగురితో సరిపెట్టకుండా పదిహేను మందితో పెట్టమని నేనెప్పుడూ చెబుతుంటాను.

ఇక ట్రాన్స్‌ఫర్. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆర్డర్ అన్యాయంగా ఉంది కదా అని ఆయన ఇంట్లో కూర్చుంటే మేనేజ్‌మెంట్‌కు కావలసింది దొరికినట్టే, పది రోజులాగి "అనుమతి లేకుండా గైర్హాజరు" అని చార్జ్‌షీట్ ఇస్తారు, అప్పుడు అసలు గొడవ పక్కకు పోయి ఆయన రాకపోవడమే కేసు అవుతుంది. వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి, నియామక పత్రంలో ట్రాన్స్‌ఫర్ షరతు ఉందో లేదో చూసుకోవాలి, కార్మిక శాఖలో వివాదం లేవనెత్తాలి. ఈలోగా ఆర్డర్ ఆగకపోతే, "నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతోనే చేరుతున్నాను" అని రాసిచ్చి బద్దిలో చేరడమే మంచిది. కష్టమే, పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్లు అన్నీ ఉంటాయి, అయినా ఉద్యోగం చేతిలో ఉంచుకుని పోరాడటం వేరు, పోగొట్టుకుని పోరాడటం వేరు.

ఆ ఆర్డర్ వచ్చిన పోస్టు కవర్ పారేయొద్దని ఆయనకు చెప్పండి. ఒకసారి నా దగ్గరకు వచ్చిన కేసులో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మీద తేదీ 3 అని ఉంది, అంటే యూనియన్ మీటింగ్ కంటే వారం ముందు. కవర్ మీద పోస్టాఫీసు ముద్ర చూస్తే 19. ఆ వర్కర్ కవర్‌ను టిఫిన్ బాక్స్ సంచిలో మడతపెట్టి దాచుకున్నాడు, ఒక మూలన పచ్చడి నూనె మరక కూడా ఉంది. వెనక తేదీ వేశారని చెప్పడానికి మాకు దొరికిన గట్టి ఆధారం అదే. ఇలాంటి కేసుల్లో దురుద్దేశం ఉందని ఎవరూ కాగితం మీద రాసివ్వరు, తేదీల వరసలోంచే అది బయటపడుతుంది. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు ఎవరిని పిలిచారు, గదిలో ఎవరున్నారు, ఏమన్నారు, ఆ రోజే రాయండి. ఎవరైనా రికార్డు చేసి ఉంటే ఆ ఫోన్ మార్చకండి, ఒరిజినల్ కావాల్సి వస్తుంది.

తెల్లకాగితం మీద సంతకం పెట్టినవాళ్లు ఈ వారంలోనే "ఫలానా రోజు నా చేత బలవంతంగా ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారు, దానిమీద ఏం రాసినా నాకు సంబంధం లేదు" అని మేనేజ్‌మెంట్‌కు, ఒక కాపీ సహాయ కార్మిక కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపాలి. తర్వాత అలాంటి కాగితమే రాజీనామాగా మారి బయటకు రావడం నేను చూశాను.

ఫిర్యాదు కూడా ఆ కమిషనర్ ఆఫీసులోనే ఇవ్వండి. రాజీ చర్చలు మొదలయ్యాక, అవి నడుస్తున్నంతకాలం ఆ వివాదానికి సంబంధించిన విషయాల్లో మీ సర్వీసు షరతులు మార్చాలన్నా, దానికి ముడిపడిన ఆరోపణతో తీసేయాలన్నా ఆ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అందుకే త్వరగా వెళ్లమంటున్నాను. ఒకవేళ ఎవరినైనా తీసేస్తే, కన్సిలియేషన్‌కు, అంటే ఆ రాజీ చర్చలకు, దరఖాస్తు పెట్టి 45 రోజులు దాటాక నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, తీసేసిన రోజు నుంచి రెండేళ్లు దాటనివ్వకండి. అనుచిత విధానానికి పాల్పడితే జరిమానా 10,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా ఉంది. ఆ కేసు మాత్రం ప్రభుత్వ అధికారి వేయాలి, మీరు నేరుగా కోర్టులో వేయలేరు. పెద్ద కంపెనీకి ఆ జరిమానా ఒక లెక్క కాదు, నాకూ బాధగానే ఉంటుంది. మీకు నిజంగా ఉపయోగపడేది ట్రాన్స్‌ఫర్ రద్దు, ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవడం, ఆగిన జీతం.

కోపంలో మాత్రం ఒక పని చేయకండి. అందరూ కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెడదామనే ఆలోచన వస్తుంది. కొత్త కోడ్ ప్రకారం సగం మంది లేదా అంతకుమించి కూడబలుక్కుని లీవు పెడితే అదీ సమ్మే. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి, రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేయకూడదు. శ్రీపెరంబుదూర్ శామ్‌సంగ్ వర్కర్లు 2024లో 37 రోజులు సమ్మె చేశారు, అయినా యూనియన్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2025 జనవరిలో. ఓపిక చాలా కావాలి.

మీ మెమోకి గడువులోపే సంజాయిషీ ఇవ్వండి. నిజంగా లేటయి ఉంటే ఒప్పుకోండి, కారణం రాయండి, పన్నెండేళ్లలో ఇదే మొదటిదని, అది ఫలానా తేదీన యూనియన్ సంతకాలు మొదలయ్యాకే వచ్చిందని రెండు లైన్లు చేర్చండి. చేతికిస్తే కాపీ మీద ముద్ర వేయించుకోండి, ముద్ర వేయకపోతే అదే రోజు పోస్టు చేసి రసీదు దాచుకోండి.