ముత్తాత పతకం తోమకు

అమ్మడూ,

మీ ముత్తాత "మిలిటరీలో చేశారు" అన్న ఒక్క మాట పట్టుకుని వెతకడానికి బయల్దేరావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. కానీ పేరు వెతికే ముందు ఏ దళమో తేల్చుకో. మన ఇళ్లల్లో ఖాకీ తొడిగిన ప్రతివాడూ మిలిటరీయే.

ముందు ఏ ఏడాదో చూడు. 1917లో దేశంలోపలి రక్షణకని ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ పెట్టినప్పుడు మనవాళ్లనీ వాలంటీర్లుగా చేర్చుకున్నారు. 1920లో దాన్ని రెండు చేశారు: తెల్లవాళ్లకీ ఆంగ్లో ఇండియన్లకీ ఆగ్జిలరీ ఫోర్స్, మనవాళ్లకి టెరిటోరియల్ ఫోర్స్. టెరిటోరియల్ వాళ్లు ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ ఏటా కొన్నాళ్లు శిక్షణకు వెళ్లొచ్చేవాళ్లు. కాలేజీ కుర్రాళ్లకు యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ ఉండేది, ఇప్పటి ఎన్‌సీసీకి పెద్దన్న లాంటిది. మా పెదనాన్న తుపాకీ ఫోటో చూపించి ఇంట్లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రాలో పోరాడిన కథలు చెప్పేవాళ్లు. ఫ్రేము విప్పితే వెనక 1926 అని ఉంది, అంటే టెరిటోరియల్ నాటిది. ఆయన సముద్రమే దాటలేదు!

ఇక పతకం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెండిదైతే బొమ్మ కన్నా అంచు ముఖ్యం. నంబరు, హోదా, పేరు, దళం అక్కడే చెక్కి ఉంటాయి. మా ఇంట్లో దాన్ని ఏటా పండక్కి చింతపండు పెట్టి తోమేవాళ్లం. తోమింది నేనే. ఇప్పుడు మూడంకెలూ, "మద్రాస్" అన్న ముక్కా మిగిలాయి. నువ్వు మెత్తటి గుడ్డతో దుమ్ము తుడువు, అంతే. లైటు ఆర్పి, ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి; అరిగిన అక్షరాలు కూడా నీడపడి తేలతాయి. కంచుదైతే చిన్నబోకు, లేబర్ కోర్‌లో మూటలు మోసినవాళ్లకు ఇచ్చింది అదే.

ఆయన యుద్ధంలోనే పోయి ఉంటే యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా రాశారు. ఇంటిపేరుతో మాత్రం వెతక్కు, సాధారణంగా ఉండదు. వెంకటస్వామిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ కొట్టి చూడు.

తిరిగొచ్చినవాళ్ల సంగతి ట్రంకు పెట్టెలోనే మొదలుపెట్టు: పెన్షన్ కాగితం, డిశ్చార్జి సర్టిఫికెట్. దళం తేలాకే ఉత్తరం రాయి. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ దళం) అయితే బెంగళూరుకి, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి.

ఈలోగా నాకు ఫోటో పంపు. రాజుగారి మొహం వద్దు, అంచు.

మీ పెదతాతయ్య