టెక్ సందేహాలు: రంగుల ఫైలుకు ఇన్‌స్టాలర్ ఎందుకు?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా వీడియో ఎడిటర్లవే. పెళ్లి వీడియోలు చేసేవారు, యూట్యూబ్ ఛానళ్లకు పనిచేసేవారు, షార్ట్ ఫిల్ములు తీస్తున్న విద్యార్థులు. ప్రశ్నలు రకరకాలుగా ఉన్నా, కూపీ లాగితే చాలావాటి వెనుక ఉన్నది ఒకటే: ఎవరో పంపిన లింకు. అందుకే ఈసారి ప్రింటర్ ఫిర్యాదులను పక్కన పెట్టాను.

టెలిగ్రామ్ గ్రూపులో ఐదు వేల లట్స్ (వీడియో రంగులు మార్చే ఫైళ్లు), టైటిల్ టెంప్లేట్లు, ట్రాన్సిషన్లు ఉన్న ప్యాక్ దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. రెండు రోజులకు నా ఛానల్ పేరు మారిపోయి, అందులో ఎవరిదో క్రిప్టో లైవ్ నడుస్తోంది. రెండంచెల భద్రత పెట్టుకున్నా ఎలా పోయింది? – యూట్యూబ్ ఛానల్ నడిపే పాఠకుడు, ఖమ్మం

‘యాంటీవైరస్ ఆపమంది, ఆపాను’ అనే వాక్యం ఎన్ని ఉత్తరాల్లో చదివానో లెక్క మరిచిపోయాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు బయటి దొంగను పిలిచి ఇంటిదొంగను చేసుకున్నారు.

అసలు లట్ అంటే ఏమిటో ఒకసారి చూడండి. లట్‌గా వచ్చే డాట్ క్యూబ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపించేది ఉత్త అంకెల పట్టిక, వరుసకు మూడు అంకెలు. 33 పాయింట్ల లట్ అయితే 33ను 33తో, మళ్లీ 33తో హెచ్చించగా వచ్చే 35,937 వరుసలు. పైన పేరు, సైజు చెప్పే ఒకటి రెండు వరుసలు తప్ప అంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఫోల్డరులో పడేస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చదువుకుంటుంది. అంకెల పట్టికకు ఇన్‌స్టాలర్ దేనికి? లట్ పేరుతో ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్, వచ్చిందంటే, లోపల రంగులు ఉన్నా లేకపోయినా ఇంకేదో ఉన్నట్టే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త పనులు నేర్పే నిజమైన ప్లగిన్లకు ఇన్‌స్టాలర్ అవసరమే, కాదనను. వాటిని తయారుచేసినవారి సైటు నుంచే తెచ్చుకోవాలి.

ఇంకో గుర్తు చెబుతాను. ఈ ప్యాకుల్లో చాలావాటి జిప్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డు పక్కనే రాసి ఉంటుంది. రహస్యమైతే పక్కనే రాయడం ఎందుకు? అది మీకు అడ్డం కాదు. లోపల ఏముందో బ్రౌజరూ యాంటీవైరసూ తొంగి చూడకుండా కట్టిన తెర.

ఇక రెండంచెల భద్రత సంగతి. అది లాగిన్ అయ్యేటప్పుడే అడ్డుపడుతుంది. మీరు ఒకసారి లోపలికి వెళ్లాక బ్రౌజరు దగ్గర ఒక కుకీ మిగులుతుంది. సినిమా హాలు గేటు దగ్గర చింపి చేతికిచ్చే సగం టికెట్టు లాంటిది అది. విరామంలో బయటికి వెళ్లి వచ్చేవాణ్ణి గేటు దగ్గర మళ్లీ ఎవరూ డబ్బులు అడగరు. దొంగ ఎత్తుకుపోయింది ఆ సగం టికెట్టును. యూట్యూబర్ల ఛానళ్లను ఇలా కుకీలు దొంగిలించి కాజేసి, పేరు మార్చి క్రిప్టో మోసాలకు వాడుతున్నారని గూగుల్ భద్రతా బృందం 2021 అక్టోబరులోనే వివరంగా రాసింది.

ముందుగా వేరే ఫోను నుంచో, శుభ్రమైన కంప్యూటర్ నుంచో మీ ఖాతాలోకి వెళ్లి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. తరవాత పాస్‌వర్డు మార్చండి. రికవరీ ఫోను నంబరు, ఛానల్ మేనేజర్ల జాబితా మీవేనా చూసుకోండి. వైరస్ ఉన్న సిస్టమ్‌లోనే కూర్చుని పాస్‌వర్డు మార్చేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ సిస్టమ్ నుంచి ఫుటేజీ మాత్రం కాపీ చేసుకుని, విండోస్ మొదటి నుంచి వేసుకోండి.

నిజం చెప్పాలంటే, మీ ఛానల్ కంటే నన్ను కలవరపెట్టేది ఆ హార్డ్ డిస్కులో ఉన్న ఇతరుల సొత్తు. ఎవరింటి పెళ్లో, ఎవరి పసిపిల్లల వీడియోలో, ఇంకా విడుదల కాని సినిమా రషెస్సో (కత్తిరించని షూటింగ్ ఫుటేజీ). ఛానల్ పోతే తిరిగి రావచ్చు. బయటికి పోయిన రీలును వెనక్కి పిలవలేం. క్లయింటు ఇచ్చిన డ్రైవ్ లింకులు కూడా అదే బ్రౌజరులో తెరిచి ఉంటాయి కదా. ఎడిటింగ్ సిస్టమ్‌లో బ్యాంకు పని, సొంత మెయిలు పెట్టుకోవద్దని పదేళ్లుగా చెబుతున్నాను. ఒక్కరూ విన్న దాఖలా లేదు.

అసలు సైటు నుంచి తెచ్చుకుంటే ఇక భయం లేదా? చాలావరకు లేదు, పూర్తిగా కాదు. వీడియో కన్వర్టర్ హ్యాండ్‌బ్రేక్‌ను అందించే సర్వర్లలో ఒకదానిలోకి 2017 మేలో దొంగలు చొరబడి, మ్యాక్ ఫైలు తీసేసి ప్రోటాన్ అనే ట్రోజన్ (మంచి సాఫ్ట్‌వేర్ వేషంలో వచ్చే వైరస్) కలిపిన ఫైలు పెట్టారు. మే 2 నుంచి 6 వరకు దించుకున్నవారికి అది తగిలే అవకాశం సగానికి సగం ఉందని ఆ బృందమే ప్రకటించింది. దించుకున్న ఫైలు చెక్‌సమ్‌ను, అంటే ఫైలులో ఏది మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యను, సైటులో ఇచ్చిన దానితో పోల్చుకున్నవారు బయటపడ్డారు. అర నిమిషం పని.

ఫోనుతో గంటసేపు తీసిన ఉపన్యాసం ఇది. మైకు ఆడియో వేరే రికార్డరులో ఉంది. టైమ్‌లైన్ మొదట్లో లిప్ సింక్ సరిగ్గానే ఉంటుంది. చివరికి వచ్చేసరికి పెదవులు ముందు, మాట తరవాత. – పాఠకురాలు, తెనాలి

మీ తప్పు కాదమ్మా. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని నిలకడగా తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తాయి, పెరిగితే పెంచుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు నిలకడ కావాలి. క్లిప్‌ను, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిచి ఫ్రేమ్ రేటు దగ్గర ‘వేరియబుల్’ అని ఉందేమో చూడండి. ఉంటే, టైమ్‌లైన్ మీద పెట్టకముందే హ్యాండ్‌బ్రేక్‌లోనో షటర్ ఎన్‌కోడర్‌లోనో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. ఈ రెండూ, మీడియాఇన్ఫో కూడా ఉచితమే. గంటకు సరిగ్గా 3.6 సెకన్ల తేడా పడుతుంటే మాత్రం కారణం వేరు. ఎక్కడో 24, 23.976 ఫ్రేమ్ రేట్లు కలిసిపోయి ఉంటాయి.

ఫోను తయారీదారులకు ఒక మాట. కెమెరాల సంఖ్య రెండు, మూడు, నాలుగు అని పెంచుకుంటూ పోతారు. ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచే మీటను మాత్రం మూడు మెనూల కింద పాతిపెడతారు, కొన్నింటిలో అదీ ఉండదు. పైగా ఒక అప్‌డేట్ వచ్చి ఎవరినీ అడగకుండా హెచ్‌డీఆర్‌ను (వెలుగునీడలను మరింత విస్తారంగా పట్టే వీడియో పద్ధతి) ఆన్ చేసి పోతుంది. మర్నాడు ఎడిటర్ల నుంచి ‘పెళ్లికూతురు ముఖం తెల్లగా పాలిపోయింది’ అంటూ ఉత్తరాలు నాకు వస్తాయి.

ప్రీమియర్ ప్రోలో తెలుగు టైటిల్ వేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. అను ఫాంట్లో టైపు చేసింది అతికిస్తే ఇంగ్లిష్ చెత్త వస్తోంది. – స్టూడియో నిర్వాహకుడు, కరీంనగర్

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒత్తులకు మందు: ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చండి. రెండోది పాత జబ్బే. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టినవి. ఫాంటు మారితే బొమ్మ పోయి ఇంగ్లిషే మిగులుతుంది. కన్వర్టరుతో యూనికోడ్‌కు మార్చుకోండి. ఫాంట్లు కావాలంటే రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, ఎన్‌టీఆర్ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి. వ్యాపార వీడియోల్లోనూ వాడుకోవచ్చు. దొంగ ఫాంట్ల ప్యాకుల జోలికి వెళ్లనవసరం లేదు.

2011 జనగణన ప్రకారం మన దేశంలో 8.11 కోట్ల మంది మాతృభాష తెలుగు. ఇంతమంది భాషలో ‘శ్రీ’ సరిగ్గా కనిపించాలంటే మెనూలో అట్టడుగున ఒక మీట నొక్కాలట. ఈ మీటను దాచినవారు తమ భాషలో ‘ఏ’ అక్షరం విరిగి పడితే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒక్కరోజైనా బయట పెట్టేవారా?

ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. ఖర్చులకు పెళ్లి వీడియోలు చేస్తుంటాను. సాధనకు నిజమైన రషెస్, వాడుకోదగ్గ శబ్దాలు ఎక్కడ దొరుకుతాయి? – విద్యార్థి, రాజమహేంద్రవరం

నాకు నచ్చిన ప్రశ్న. విడుదలైన సినిమాను దించుకుని మళ్లీ కట్ చేసి నేర్చుకుంటున్నామంటారు చాలామంది. అందులో ఎడిటర్ పారేసిన టేకులు ఉండవు. ఏడు టేకుల్లో ఏది ఉంచాలో తేల్చుకోవడమే ఈ పనిలో సగం. ఎడిట్‌స్టాక్ అనే సైటు డబ్బు తీసుకుని స్క్రిప్టుతో సహా కత్తిరించని ఫుటేజీ ఇస్తుంది. రంగులు దిద్దడం, గ్రీన్ స్క్రీన్ పని చేసి చూడాలంటే బ్లెండర్ ఫౌండేషన్ 2012లో విడుదల చేసిన ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ షూటింగ్ ఫుటేజీ ఉచితంగానే ఉంది. పాత ప్రకటనలు, పాఠశాల చిత్రాల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ప్రెలింగర్ సేకరణ చూడండి. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో పాటు దాని శిక్షణ పుస్తకాలు, సాధన ఫైళ్లు కూడా దాన్ని తయారుచేసిన సంస్థ సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. ఒక్క పుస్తకం చివరిదాకా చేయండి, వంద ట్యుటోరియళ్లు చూసినదానికంటే మేలు.

శబ్దాలకు బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ ఉంది. అక్కడ ప్రతి శబ్దం పక్కనా లైసెన్సు రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. నాన్‌కమర్షియల్ అని ఉన్నది మీరు డబ్బు తీసుకుని చేసే పెళ్లి వీడియోకు పనికిరాదు. అట్రిబ్యూషన్ అని ఉంటే రికార్డు చేసినవారి పేరు వేయాలి. శుభం కార్డు పక్కన, కోయిల కూత పంపిన స్పెయిన్ మనిషి పేరు వేయడానికి పెళ్లివారు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. వద్దంటే సీసీ జీరో (హక్కులన్నీ వదులుకున్నది) అని ఉన్నవే వెతుక్కోండి.