స్కూల్ డే రోజు మా పాప పేరు పిలవలేదు

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఈ పేజీకి వచ్చే ఉత్తరాలన్నీ బడి చుట్టూనే తిరుగుతాయి. ఈసారి ఎక్కువగా క్యాథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడుల నుంచి వచ్చాయి. నేనూ అలాంటి బడిలోనే హాస్టల్లో ఉండి చదువుకుని, ఆ తర్వాత ఇంకో ఊళ్ళో అలాంటి బడిలోనే తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అందుకే ఈ నెల జవాబులన్నీ వాళ్ళకే.

మా పాప సిస్టర్ల బడిలో 7వ తరగతి చదువుతోంది. మొన్న స్కూల్ డేలో వాళ్ళ క్లాసులో 11 మందికి బహుమతులొచ్చాయి, దీనికి రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. "నువ్వూ చదివుంటే నీకూ వచ్చేది కదా" అన్నాను. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఏం చెయ్యమంటారు అక్కయ్యా? — ఒక అమ్మ, కావలి

ముందు ఆ మాట అన్నందుకు పాపకి సారీ చెప్పండమ్మా. పిల్లకి సారీ చెప్పడం ఏంటని అనుకోవద్దు, ఆ రోజు ఆ పిల్లకి కావాల్సింది అమ్మ పక్కన కూర్చోవడం, మీరేమో లెక్క చెప్పారు.

బహుమతుల లిస్టు ఎలా తయారవుతుందో చెప్తాను, చాలా ఏళ్ళు ఆ పని నేనే చేశాను. స్కూల్ డేకి రెండు వారాల ముందు స్టాఫ్ రూమ్ బల్ల మీద రిజిస్టర్లన్నీ పరుచుకుని కూర్చుంటాం. క్లాస్ ఫస్ట్, సెకండ్, థర్డ్, సబ్జెక్టు ఫస్టులు, వక్తృత్వం, చేతిరాత, త్రోబాల్, ఖోఖో, హాజరు. లిస్టు అయ్యాక స్టీలు సామాన్ల కొట్టుకి పంపిస్తే గిన్నెల మీద, టిఫిన్ డబ్బాల మీద పేర్లు కొట్టి ఇస్తారు. చివరికి చూస్తే ఒకే అమ్మాయికి నాలుగు డబ్బాలు వచ్చుంటాయి, నలభై మందికి ఒక్క గ్లాసు కూడా ఉండదు. అందులో హాజరు బహుమతి అయితే నాకు ఎప్పుడూ నచ్చలేదు. బడి పక్కనే ఇల్లున్న పిల్లకీ, పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లకీ ఒకే లెక్క ఏంటి? మన జిల్లాలో నవంబరు, డిసెంబరు నెలల్లో తుపానొస్తే వాగు పొంగి బస్సే రాదు కదా.

ఒక ఏడాది జరిగింది చెప్తాను. మా స్టేజీ వెనక గదిలో డాన్సు పిల్లలకి వోణీలు కట్టే పని జరుగుతోంది. 7వ తరగతి అమ్మాయి ఒకతి, దానికి ఏ ప్రోగ్రాంలోనూ వేషం లేదు, పిన్నీసుల డబ్బా పట్టుకుని నిలబడింది. ఎవరి జడకుప్పెలు ఎవరివో, ఎవరి గజ్జెల తాడు తెగిందో అన్నీ దానికే గుర్తు. ఒకటో తరగతి పాప భయంతో వాంతి చేసుకుంటే మొహం కడిగి, పౌడరు మళ్ళీ అద్ది, చెయ్యి పట్టుకుని తెర దాకా తీసుకెళ్ళి వదిలింది. బహుమతులు ఇచ్చేటప్పుడు మాత్రం తెర పక్కనుంచి తొంగి చూస్తూ ప్రతి పేరుకీ చప్పట్లు కొట్టింది. దాని పేరు ఏ లిస్టులోనూ లేదు, ఆ లిస్టు రాసింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు హెడ్మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరికి వెళ్ళి చెప్తే, ఆమె వెంటనే ఒప్పుకున్నారు. తర్వాతి ఏడాది నుంచి లిస్టు చివర ఒక వరస చేరింది, తెర వెనక పనిచేసిన పిల్లలకి. అంతకుముందు వెళ్ళిపోయిన వాళ్ళకి మాత్రం నేనేమీ చెయ్యలేకపోయాను.

మీ పాప ఈ ఏడాది ఏం చేసిందో మీకు తెలుసా అమ్మా? మార్కులు కాదు. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు క్లాస్ టీచర్ని రెండు నిమిషాలు పక్కకి పిలిచి, "మా పాపలో మీకు నచ్చింది ఏంటి మేడం" అని పాప ఎదురుగానే అడగండి. టీచర్లకి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు, అంతే.

మా అమ్మాయి సిస్టర్ల హాస్టల్లో ఉండి పదో తరగతి పరీక్షలు రాసింది. 500 దాటుతాయని టీచర్లు అంటున్నారు. ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటొస్తే ఆరేళ్ళు బెంగ ఉండదని నా ఆలోచన. తనేమో బైపీసీ అంటుంది, నర్సింగైనా చేస్తానంటుంది. మా అమ్మేమో మంచి సంబంధం ఉంది, చేసేద్దాం అంటోంది. నలిగిపోతున్నాను. — ఒక తండ్రి, కనిగిరి

పెళ్ళి మాట మొదట తేల్చేద్దాం అన్నా. 18 నిండకుండా ఆడపిల్లకి పెళ్ళి చెయ్యడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. చేసిన పెద్దవాళ్ళకీ, దగ్గరుండి జరిపించిన వాళ్ళకీ జైలుశిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ వెళ్తే చాలు, అధికారులు వచ్చి ఆపుతారు. అమ్మకి ఇది కోపంగా కాకుండా నెమ్మదిగా చెప్పండి. మన నెల్లూరులో 1923లోనే పొణకా కనకమ్మ గారు ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారని కూడా చెప్పండి. నూరేళ్ళ కిందటే ఆడపిల్లల్ని చదివించాలని ఆవిడ అంత కష్టపడితే, ఇప్పుడు మనం వెనక్కి వెళ్తామా?

ఇక ట్రిపుల్ ఐటీ. మీ ఆలోచన చెడ్డదేమీ కాదు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఈ నాలుగు చోట్లా పదో తరగతి మార్కుల మీదే సీటు, రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిదే), ఆ తర్వాత నాలుగేళ్ళు బీటెక్. కానీ అది ఇంజనీరింగ్ దారి అన్నా. అమ్మాయి అడుగుతున్న దారి వేరు. బైపీసీ ఇంటర్ అయ్యాక బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయితే మూడేళ్ళు. చివర్లో ఉద్యోగం ఉన్న చదువే అదీను. ఇష్టం లేని లెక్కలతో ఆరేళ్ళు హాస్టల్లో పడేస్తే మీ బెంగ తగ్గుతుందేమో, ఆ పిల్లకి మొదలవుతుంది.

నర్సింగ్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి అడిగి చూడండి. హాస్టల్ పిల్లలకి ఇది ఊరికే రాదు. రాత్రి పూట ఎవరికైనా జ్వరమొస్తే పెద్దపిల్లలే తడిగుడ్డ వేసి, సిస్టర్ని లేపి, మాత్ర మింగించి, తెల్లారేదాకా పక్కన కూర్చుంటారు. అలా కూర్చున్న పిల్లల్లో మీ అమ్మాయి ఒకతి అయ్యుండొచ్చు. ఫలితాలు రాకముందే, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు, కూర్చోబెట్టి అడగండి. మీరు మాట్లాడకుండా వినండి.

మేము హిందువులం. పాప చదివే బడిలో పదో తరగతి పరీక్షల ముందు హాల్ టికెట్లు ప్రార్థనలో పెట్టి ఇస్తారట. పంపాలా వద్దా? బలవంతం చేస్తే ఏం చెయ్యాలి? — గూడూరు నుంచి ఒక పాఠకుడు

బలవంతం చెయ్యకూడదు, చెయ్యడానికి వీల్లేదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న ఏ బడిలోనైనా మత బోధనకీ ప్రార్థనకీ పిల్లలు రావాలంటే తల్లిదండ్రుల ఇష్టం ఉండాలి, రాజ్యాంగం 28వ అధికరణం చెప్పేది అదే. మీకు ఇష్టం లేకపోతే హెడ్మిస్ట్రెస్‌కి ఒక కాగితం రాసివ్వండి, గొడవ అక్కర్లేదు. నేను పనిచేసిన చోట క్యాథలిక్ పిల్లలకి సత్యోపదేశం, అంటే వాళ్ళ మత పాఠం, మిగతావాళ్ళకి అదే పీరియడ్‌లో నీతి పాఠం వేరుగా జరిగేవి.

హాల్ టికెట్ల సంగతి అంటారా, పరీక్షలు చాలాసార్లు ఈస్టర్ ముందు వచ్చే వాళ్ళ తపస్సు కాలంలోనే వస్తాయి, సిస్టర్లు పిల్లల కోసం ప్రార్థన చెయ్యకుండా ఉండలేరు. మా పిల్లలు చాలామంది పొద్దున్నే ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకుని, బొట్టుతో వచ్చి, చాపెల్లో సిస్టర్ చేత తల మీద చెయ్యి పెట్టించుకుని, సెంటర్‌కి వెళ్ళే దారిలో వినాయకుడి గుడి దగ్గర ఆగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి అందులో ఏ ఇబ్బందీ కనపడలేదు. మీ పాప ఏమంటుందో కూడా కనుక్కోండి.

నేను 7వ తరగతి అయిపోయి 8కి వెళ్తున్నాను. మా సీనియర్ అక్కకి ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వచ్చిందని అసెంబ్లీలో అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేనూ రాయొచ్చా? — కందుకూరు నుంచి ఒక విద్యార్థిని

రాయొచ్చు తల్లీ, కాకపోతే ముందు ఒకటి కనుక్కో. ఈ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం అందే) బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకే. సిస్టర్ల బడుల్లో కొన్నిచోట్ల ఒకే గేటు లోపల ఎయిడెడ్ బడి ఒకటి, ఎయిడ్ లేని ఇంగ్లీషు మీడియం బడి ఒకటి ఉంటాయి, యూనిఫాం కూడా ఒకటే ఉండొచ్చు. నీ పేరు ఏ బడి రిజిస్టర్‌లో ఉందో ఆఫీసులో అడుగు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, 7వ తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 50 చాలు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టుల మీద 90 ప్రశ్నలు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్ళకి 48,000. మధ్యలో రెన్యూవల్ మర్చిపోతే డబ్బు ఆగిపోతుంది, చాలామంది పిల్లలు నష్టపోయేది అక్కడే. వేసవిలో రోజుకి పది లెక్కలు చాలు, ఆ అక్క దగ్గర పాత పేపర్లు అడిగి తీసుకో.

ఆరేళ్ళు ఒకే హాస్టల్లో పక్కపక్క పడకల మీద ఉన్నాం. ఫేర్‌వెల్ తర్వాత నా ఫ్రెండ్ నాతో మాట్లాడటం మానేసింది, ఎందుకో చెప్పట్లేదు. పరీక్షలవ్వగానే అందరం వెళ్ళిపోతాం. చాలా టెన్షన్‌గా ఉంది. — పదో తరగతి అమ్మాయి, ఒంగోలు

చివరి రోజు మాట్లాడదాంలే అని మాత్రం ఆగొద్దమ్మా. నాకు తెలుసు ఆ రోజు ఎలా ఉంటుందో. పరీక్ష రాసి వచ్చేసరికే గేటు దగ్గర ఆటోలు, నాన్నలు, బాబాయిలు. ట్రంకు పెట్టె, బకెట్, పరుపు చుట్ట వరండాలోకి వచ్చేస్తాయి, ఎవరు ఎప్పుడు వెళ్ళారో తెలియకుండానే నాలుగింటికల్లా డార్మిటరీ ఖాళీ. వెతికేలోపే ఆటో మలుపు తిరిగిపోయి ఉంటుంది.

ఇవాళే స్టడీ అవర్ అయ్యాక కుళాయి దగ్గర ప్లేట్లు కడిగేటప్పుడు పక్కన నిలబడి, "నా వల్ల ఏదైనా బాధ కలిగిందా" అని ఒక్క మాట అడుగు. చెప్పకపోతే రెండోసారి అడగకు, పరీక్షలు పాడవుతాయి ఇద్దరికీ. ఒక ఉత్తరం రాసి, ఇంటికెళ్ళి సర్దుకునేటప్పుడు కనపడేలా దాని ట్రంకులో బట్టల కింద పెట్టు. ఎవరిది తప్పు అన్నది రాయకు, ఆరేళ్ళలో మీ ఇద్దరికే తెలిసిన సంగతులు నాలుగు రాయి. కింద మీ ఊరి అడ్రసు పిన్ కోడ్‌తో సహా పూర్తిగా రాయి, ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి.