బీర్‌కి దద్దుర్లు, విస్కీకి ఏమీ లేదు: ఇది ఆల్కహాల్ అలర్జీయేనా?

సగం బీర్ దిగేసరికి మెడ మీద దద్దుర్లు, ముక్కు బిగుసుకుపోవడం, విస్కీకి మాత్రం ఏమీ లేదు అంటున్నారు. అయితే ఆల్కహాల్‌ని అనుమానించనక్కర్లేదు, అది రెండింట్లోనూ ఉంది. బీర్‌లో అదనంగా ఉండేవి బార్లీ, గోధుమ, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), ఈస్ట్. విస్కీదీ ధాన్యమే, కానీ ఆవిరిగా లేపి చల్లార్చి తీస్తారు కాబట్టి అలర్జీ తెచ్చే ప్రొటీన్ అందులోకి దాదాపు రాదు. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ బ్రూవరీల్లో పోసే మబ్బు రంగు వీట్ బీర్‌లో గోధుమా ఈస్టూ రెండూ ఉంటాయి. మీరు ముందు ఆపాల్సింది అదే.

వైన్ సంగతి వేరు. అందులో సల్ఫైట్లుంటాయి, అంటే పాడవకుండా ఉంచే రసాయనాలు. ఆస్తమా ఉన్నవాళ్లు లేబుల్ మీద ఆ మాట గానీ, వాటి కోడ్‌గా 220 నుంచి 228 మధ్య నంబర్ గానీ ఉందేమో చూసుకోవాలి.

ఇక బల్ల మీద గ్లాసొక్కటే ఉండదు కదా. పల్లీలు, రొయ్యలు, అపోలో ఫిష్ కూడా ఉంటాయి. మందు కడుపులో ఉంటే, మామూలుగా పడే తిండి కూడా కొందరికి ఆ పూట పడదు. పెయిన్ కిల్లర్ వేసుకున్నా అంతే. అందుకే బ్రాండ్, ఎన్ని ఎంఎల్, ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్ని నిమిషాలకు దద్దుర్లు లేచాయి, అన్నీ గుర్తున్నంత వరకు రాసిపెట్టుకోండి. దద్దుర్లను ఫోన్‌లో ఫొటో తీయండి. అలర్జీ డాక్టర్‌కి స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో (చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చి చూసే పరీక్ష) ఏవేవి పెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది. టెస్ట్‌కి సుమారు వారం ముందు నుంచి అలర్జీ మాత్ర సిట్రిజిన్ ఆపాలి, లేకపోతే అలర్జీ ఉన్నా లేనట్టే చూపిస్తుంది. ఇంట్లో మళ్లీ తాగి పరీక్షించుకోవద్దు.

సిట్రిజిన్ వేసుకుని తాగడం చాలామంది చేస్తారు, దయచేసి మానండి. దద్దుర్లు అణిగి, ముందుగా కనిపించాల్సిన ప్రమాద సూచన కనిపించకుండా పోతుంది. పైగా మత్తు రెట్టింపు.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఇది: గొంతు బొంగురుపోయి, పిల్లికూతలు వచ్చి, వాంతి చేసుకుని తూలుతుంటే, పక్కవాళ్లు "ఎక్కువైంది, పడుకోనీ" అంటారు. అది మత్తు కాకపోవచ్చు, ప్రాణం మీదికొచ్చే అలర్జీ కావచ్చు. దద్దుర్లతో పాటు వీటిలో ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. లేపి నడిపించొద్దు, బీపీ పడిపోతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి, వాంతవుతుంటే పక్కకు తిప్పండి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. దీనికి మందు సిట్రిజిన్ కాదు, తొడ కండకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు. తేరుకున్నారని వెంటనే ఇంటికి తీసుకెళ్లకండి, కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టొచ్చు.