ఆముదం వాసన వచ్చే కొండదారి: పాత పందెపు కార్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వేసవిలో మమ్మల్ని దగ్గరలోని ప్రెస్కాట్‌కు తీసుకువెళ్లాడు. అక్కడ తొంభై ఏళ్లనాటి కార్లు ఒక్కొక్కటిగా కొండ ఎక్కుతున్నాయి. పక్కన మరో బండి లేనప్పుడు అది పందెం ఎలా అవుతుంది? అంత ఖరీదైన వాటిని భద్రంగా దాచుకోకుండా ఇలా పరుగెత్తించడం ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు చూసి వచ్చినది ఫ్రాన్సులో తయారైన బుగాట్టి కార్ల యజమానుల సంఘానికి చెందిన సొంత కొండ. 1929లో ఏర్పడిన ఆ సంఘం 1937లో గ్లాస్టర్‌షైర్‌లోని ప్రెస్కాట్ ఎస్టేటును కొని, బంగళాకు వెళ్లే బాటనే పందెపు దారిగా తీర్చిదిద్ది, 1938లో పోటీలు మొదలుపెట్టింది. తొలుత 880 గజాలున్న ఆ దారిని 1960లో 1,127 గజాలకు, అంటే కిలోమీటరుకు కొంచెం పైకి, పొడిగించారు.

అక్కడ పోటీ గడియారంతో. వాలు మీద నిలబెట్టిన కారు వెనక్కి జారకుండా, మన లారీ క్లీనర్లు టైరు కింద రాయి పెట్టినట్టే, వెనక చక్రం కింద ఒక చెక్కదిమ్మె పెడతారు. కారు కదిలి కాంతికిరణాన్ని దాటగానే గడియారం మొదలవుతుంది; కొండ మీద మరో కిరణాన్ని దాటగానే ఆగిపోతుంది. ఫలితాన్ని సెకనులో నూరోవంతు దాకా లెక్కిస్తారు. చాలా బండ్లకు ఆ పరుగు నిమిషంలోపే ముగుస్తుంది కాబట్టి, పార్డన్ అనే మెలిక దగ్గర గేరు ఒక్క క్షణం ఆలస్యంగా పడినా దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

ఇక మీ రెండో సందేహం. కదలకుండా ఉంచిన యంత్రం భద్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారుతుంది, సీళ్లు ఎండి పగుళ్లు తీస్తాయి, సిలిండర్ల లోపల తుప్పు మొదలవుతుంది. అంతకంటె పెద్ద నష్టం చేతిపనితనం పోవడం. గేర్లు వాటంతట అవి కలవని ఆ కాలపు బండిలో, క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజను వేగాన్ని చెవితో పోల్చుకుని గేరు మార్చడం కాగితం మీద చదివితే వచ్చే విద్య కాదు. ప్రెస్కాట్‌లో కార్లు నిలిపే చోటు ఒక పండ్లతోట. నేను వెళ్లిన ఆగస్టులో, ఆ చెట్ల నీడన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్న ఒక ముసలాయన, పదహారేళ్ల అమ్మాయి చేత టైప్ 35 అనే బుగాట్టి పందెపు కారు చక్రం విప్పిస్తున్నారు. ఎనిమిది బల్లపరుపు ఆకులున్న ఆ అల్యూమినియం చక్రాన్ని, బ్రేకు డ్రమ్మును ఒకే పోతగా పోశారు కనుక, చక్రం ఊడి వచ్చేసరికి బ్రేకు పట్టీలు బయటపడ్డాయి. వంద మైళ్ల పందెం మధ్యలో మెకానిక్కుకు ఈ అమరిక ఎంత సమయం కలిసివచ్చేలా చేసిందో ఆ అమ్మాయికి ఆ క్షణంలో అర్థమైంది. అద్దాల గదిలో ఉన్న చక్రం ఈ పాఠం చెప్పలేదు.

నాకు అభ్యంతరం ఉన్నది ఒక్క విషయంలోనే. కొందరు యజమానులు పాత రంగును, రాతిదెబ్బల సొట్టలను పూర్తిగా తుడిచిపెట్టి, కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటికంటె ఎక్కువగా మెరిపిస్తారు. అది మరమ్మతు కాదు, చరిత్రను చెరిపివేయడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: పాత పందెపు కార్లు వెళ్లిన తరువాత గాలిలో ఆముదం వాసన వస్తుందని మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అక్షరాలా నిజం. మీ జిల్లాలోనూ పాలమూరు చెలకల్లోనూ పండే పంటే ఆ వాసనకు మూలం. ఆముదం వేడెక్కిన లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, తీవ్రమైన ఒత్తిడిలోనూ దాని పొర తెగదు. ఆ కాలపు ఖనిజ నూనెలకు అంత శక్తి ఉండేది కాదు. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెలో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరు మీదుగానే దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. అయితే ఆముదం నిలవ ఉంటే ఇంజను లోపల లక్కలా గడ్డకట్టుకుపోతుంది కనుక, పందెం ముగిశాక దాన్ని దించివేయడం మంచి మెకానిక్కులకు అలవాటు.

ప్రశ్న: ఈ పందేల చరిత్రలో స్త్రీలు ఉన్నారా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఉన్నారు, వారిలో ఎలిష్కా యున్‌కోవాను మీరు తప్పక తెలుసుకోవాలి. 1900లో పుట్టిన ఈ చెక్ మహిళ బుగాట్టి నడిపారు. ఇటలీలోని సిసిలీ దీవి కొండల్లో ఆ రోజుల్లో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో ఒక్కో చుట్టు 108 కిలోమీటర్లు. లెక్కలేనన్ని మలుపులు, పశువుల మందలు, రాళ్లు. పురుషులు కండబలంతో ఎదుర్కొన్న ఆ దారిని ఆమె ముందుగానే వెళ్లి, ఏ మలుపు దగ్గర ఏ గోడ, ఏ చెట్టు గుర్తు పెట్టుకోవాలో మనసులో రాసుకున్నారు. 1928లో ఐదు చుట్ల పందెంలో రెండో చుట్టు ముగిసేసరికి ఆమే ముందున్నారు. తరువాత కారు ఇబ్బంది పెట్టడంతో ఐదో స్థానంలో నిలిచారు. అదే ఏడాది జులైలో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ పందెంలో భర్త చెనెక్ మరణించడంతో ఆమె పందేలు మానుకున్నారు. 1994లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ఐదో స్థానాన్ని నేను చాలామంది విజేతల కప్పుల కంటె ఎక్కువగా గౌరవిస్తాను.

ప్రశ్న: బుగాట్టి రేసర్లు యుద్ధంలో గూఢచారులుగా పనిచేశారని విన్నాను. కట్టుకథా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: కట్టుకథ కాదు, మాస్టారూ. 1929 ఏప్రిల్ 14న జరిగిన మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రిలో ఆకుపచ్చ బుగాట్టితో గెలిచిన వ్యక్తి పేరు పట్టికలో విలియమ్స్ అని మాత్రమే ఉంది. అసలు పేరు విలియం గ్రోవర్-విలియమ్స్. తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి ఫ్రెంచి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రహస్య దళం తరఫున ఫ్రాన్సులో దిగి, పాత మిత్రుడు రొబేర్ బెన్వాతో కలిసి ప్రతిఘటన దళాలకు ఆయుధాలు అందించారు. బెన్వా సామాన్యుడు కాడు. 1937లో జ్యాఁ-పియెర్ విమీల్‌తో కలిసి బుగాట్టితో ల మాఁ 24 గంటల పందెం గెలిచినవాడు. గ్రోవర్-విలియమ్స్ 1943 ఆగస్టులో జర్మన్లకు పట్టుబడి, 1945లో జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు కోల్పోయారు. బెన్వాను 1944 సెప్టెంబరులో బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు.

పై పాఠకురాలు చూసిన ప్రెస్కాట్ కొండకూ ఈ కథతో బంధం ఉంది. 1939 వేసవిలో విమీల్ 4.7 లీటర్ల బుగాట్టిని ఆ దారి మీద నడిపారు; చూడడానికి కంపెనీ వారసుడు జ్యాఁ బుగాట్టి స్వయంగా వచ్చారు. ఆగస్టు 11న, బుగాట్టి ఫ్యాక్టరీ ఉన్న మోల్షైమ్ ఊరి దగ్గర కారును పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో జ్యాఁ మరణించారు. ఆ తరువాత మూడు వారాలకే యుద్ధం మొదలైంది. యుద్ధం ముగిశాక 1945 సెప్టెంబరు 9న ప్యారిస్‌లోని బువా ద బులోన్యు వనంలో మళ్లీ పందేలు జరిగాయి. వాటిలో మొదటి కప్పుకు రొబేర్ బెన్వా పేరు పెట్టారు. యుద్ధఖైదీల పేరిట జరిగిన చివరి పందాన్ని విమీల్ గెలిచారు, 4.7 లీటర్ల బుగాట్టితోనే.